శివరాత్రికీ ఉగాదికీ మధ్య: ఎండలు ముదిరేలోపు తోటలో, మడిలో చేయాల్సిన పనులు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని చిన్నప్పటి నుంచి వింటున్నదే. మా అమ్మ బెండగింజలు పెట్టడానికి కూడా అదే గుర్తు. ఆ మాట పట్టుకుని 2024లో నేను శివరాత్రి దాకా ఆగాను. ఆ ఏడు పండగ మార్చి 8న వచ్చింది. 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. మూడేళ్ళలోనే మూడు వారాల తేడా. పండగ చంద్రుడి లెక్క, ఎండ సూర్యుడి లెక్క. మార్చి రెండో వారంలో పెట్టిన నా బెండ, మొలక దశలోనే ఎండకూ తెల్లదోమకూ ఒకేసారి దొరికిపోయింది. మొదటి కోత రాకముందే ఆకుల ఈనెలు పసుపెక్కి, తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు పట్టింది. మూడు సాళ్ళు పీకి గోతిలో పూడ్చాను.

పాత రైతులు ఇలాంటి వాటికి కార్తెలు చూసేవాళ్ళు. కార్తె అంటే సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే దాదాపు రెండు వారాలు. అది సూర్యుడిని బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా దాదాపు అదే తేదీకి వస్తుంది. ఫిబ్రవరి 19 ప్రాంతంలో శతభిషం, మార్చి 4 ప్రాంతంలో పూర్వాభాద్ర, 17, 18 తేదీలకు ఉత్తరాభాద్ర, నెలాఖరుకు రేవతి. ఈ నెలన్నరలో ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో కింద చెబుతున్నాను. మాది నూజివీడు వైపు రెండెకరాల మామిడి తోట, పక్కనే 15 సెంట్ల కూరగాయల మడి. ఏలూరు, కృష్ణా, ఖమ్మం వాళ్ళకు ఈ తేదీలు అలాగే సరిపోతాయి. రాయలసీమలో ఓ వారం ముందుకు జరుపుకోండి. ఆదిలాబాద్ వైపు చలి ఇంకొన్నాళ్ళు ఉంటుంది కాబట్టి తొందరపడక్కర్లేదు.

విత్తనం కొనేముందు నీళ్ళు కొలవండి

ఈ పని ఎవరూ చేయరు. అందరూ ముందు విత్తనాల కొట్టుకు వెళతారు. మీరు మాత్రం 200 లీటర్ల డ్రమ్ము ఒకటి బోరు దగ్గర పెట్టి, మోటారు వేసిన పావుగంట తర్వాత నీళ్ళు పట్టండి. ఎన్ని నిమిషాల్లో నిండిందో ఫోన్‌లో టైం చూసి రాసుకోండి. మోటారు వేయగానే పట్టకండి, బోరులో నిలవున్న నీళ్ళు మొదట జోరుగా వచ్చి మనల్ని మోసం చేస్తాయి.

మా బోరు ఫిబ్రవరిలో డ్రమ్మును 3 నిమిషాల్లో నింపుతుంది. అంటే గంటకు 4,000 లీటర్లు. ఏప్రిల్ చివరికి అదే డ్రమ్ముకు 5 నిమిషాలు పడుతుంది, అంటే గంటకు 2,400 లీటర్లు. కరెంటు 7 గంటలు ఉందనుకుంటే రోజుకు 28,000 లీటర్లు ఉన్నది కాస్తా 17,000 లీటర్లకు పడిపోతుంది.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. ఒక ఎకరంలో ఒక మిల్లీమీటరు నీళ్ళంటే సుమారు 4,000 లీటర్లు. నడి వేసవిలో కూరగాయలకు రోజుకు 5, 6 మిల్లీమీటర్లు కావాలి. అంటే ఎకరానికి 20,000 నుంచి 24,000 లీటర్లు. కాలువల్లో పారిస్తే దారిలో ఇంకేవి, ఆవిరయ్యేవి దీనికి అదనం. కాబట్టి మా బోరు కింద ఎకరం కూరగాయలు వేస్తే ఫిబ్రవరిలో కళకళలాడతాయి, ఏప్రిల్‌లో కళ్ళముందే మాడిపోతాయి. ఫిబ్రవరి నీళ్ళు చూసి కాదు, ఏప్రిల్ నీళ్ళు చూసి విత్తాలి. నిరుటి వేసవి లెక్క మీ దగ్గర లేకపోతే ఇప్పుడు వస్తున్నదాంట్లో సగానికే పంట వేయండి. మేం 15 సెంట్ల దగ్గర ఆగిపోయింది అందుకే. మిగిలిన నీళ్ళు మామిడికి.

డ్రిప్ ఉన్నవాళ్ళు ఇదే రోజు ఫిల్టరు విప్పి కడగండి. లేటరల్ పైపుల (సాళ్ళ వెంట పరిచే సన్న పైపుల) చివరి మడతలు విప్పి, తుప్పు నీళ్ళు పోయి తేట నీళ్ళు వచ్చేదాకా వదలండి. డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే ఇప్పుడే మార్చుకోండి. ఏప్రిల్‌లో ఒక్క డ్రిప్పరు మూసుకుపోతే మనకు తెలిసేలోపు చెట్టు వాడిపోతుంది.

మామిడి: చెట్టును చూసి నీళ్ళు పెట్టండి

పూత మీద ఉన్న చెట్టుకు నీళ్ళు పెట్టొద్దు. నేలలో పదును ఎక్కువైతే చెట్టు పూత బదులు చిగురు వేస్తుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యేదాకా ఓపిక పట్టండి. మా పక్క తోట ఆయన ఏటా ఎండ చుర్రుమనగానే మోటారు వేస్తాడు, ఏటా చిగురు చూసి తల పట్టుకుంటాడు.

పిందె కట్టాక మొదటి తడి పలచగా ఇవ్వండి. మూడు నెలలు ఎండి ఉన్న నేలకు ఒక్కసారిగా చెరువు నింపినట్టు పెడితే ఆ అదురుకు పిందె రాలుతుంది. రెండో తడి నుంచి మామూలుగా, నేలను బట్టి 10 నుంచి 15 రోజులకోసారి చాలు. నల్లరేగడికి ఆలస్యంగా, ఎర్ర ఇసుక నేలకు త్వరగా. కోతకు రెండు మూడు వారాల ముందు ఆపేయండి, లేకపోతే కాయలో తీపి తగ్గుతుంది, నిలవ కూడా ఉండదు.

నీళ్ళు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. చాలా తోటల్లో పాదు మొదలు చుట్టూ రెండు అడుగులే ఉంటుంది. పెద్ద చెట్టుకు నీళ్ళు పీల్చే సన్న వేర్లు మొదలు దగ్గర ఉండవు, కొమ్మల గొడుగు అంచు కింద ఉంటాయి. మిట్టమధ్యాహ్నం నీడ ఎక్కడిదాకా పడుతుందో అక్కడ గుండ్రంగా కాలువ తీసి పారించండి. మొదలు చుట్టూ మట్టి కాస్త ఎత్తుగా ఉంచి, నీళ్ళు కాండాన్ని తాకకుండా చూడండి. పాదులో ఎండుటాకులో వరిగడ్డో పరిస్తే తడి ఇంకో నాలుగైదు రోజులు ఆగుతుంది.

పిందె రాలుడు చూసి టెన్షన్ పడకండి. ఒక పూగుత్తికి వేల పూలుంటాయి. చివరికి మిగిలేది ఒకటో రెండో కాయలు, ఒక్కోసారి అదీ ఉండదు. మొదట్లో రాలేదంతా చెట్టు తన బరువు తాను దించుకోవడమే. గోలీకాయంత అయ్యాక కూడా రోజూ చెట్టు కింద పరుచుకుంటుంటేనే ఆలోచించాలి. అప్పుడు ప్లానోఫిక్స్ పేరుతో దొరికే 4.5 శాతం ఎన్‌ఏఏ అనే హార్మోన్ మందును 4.5 లీటర్ల నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపి కొట్టవచ్చు. అది 20 పీపీఎం, అంటే లీటరుకు 20 మిల్లీగ్రాముల మందు అవుతుంది. సిరంజితో కొలవండి. 'మరో మూత పోద్దాం' అని పోశారంటే ఇదే మందు పిందెను ఆపకపోగా రాలుస్తుంది.

ఇక పురుగులు, తెగుళ్ళు. పూత బాగా విచ్చుకున్న రోజుల్లో పురుగుమందు జోలికి పోకండి. మామిడి పూతకు పరాగం మోసేది ఎక్కువగా ఈగలు, తర్వాత తేనెటీగలు. వాటిని చంపి పిందె కట్టలేదని ఏడవడంలో అర్థం లేదు. పూమొగ్గ దశలో ఒకసారి, పిందె దశలో ఒకసారి చూసుకుంటే చాలు.

తేనెమంచు పురుగు ఉందో లేదో తెలుసుకోవడానికి పొద్దున్నే చెట్టు కిందికి వెళ్ళి ఒక కొమ్మను తట్టండి. వాన చినుకులు పడ్డట్టు చిటపటమని ఎగిరితే ఉన్నట్టు. కింది ఆకులు జిగురుగా మెరుస్తూ, ఆ జిగురు మీద మసి పట్టినట్టు నల్లగా మారుతుంటే చాలా రోజులుగా ఉన్నట్టు. పది పూగుత్తులు చూస్తే ఒకటి రెండు పురుగులే కనిపించాయా, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్ళు కలిపి కొట్టి వదిలేయండి. ఎక్కువగా ఉంటే మీ ఉద్యాన అధికారికి కొమ్మ చూపించి మందు రాయించుకోండి. కొట్టులో ఇచ్చిన మూడు డబ్బాలూ ఒకే ట్యాంకులో కలిపే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉంది, దాంతో పురుగు మొండిదవుతుంది తప్ప తగ్గదు.

రాత్రి చలి, పొద్దున మంచు, పగలు ఎండ ఉన్న వారంలో బూడిద తెగులు వస్తుంది. పూకాడల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు సరిపోతుంది. కానీ ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లో గంధకం కొడితే ఆకు, పిందె మాడతాయి. మార్చి వచ్చాక సాయంత్రం చల్లబడ్డాకే కొట్టండి.

కాయ నిమ్మకాయంత అయ్యేసరికి పండు ఈగకు మిథైల్ యూజినాల్ (మగ ఈగల్ని వాసనతో రప్పించే మందు) ఎరబుట్టలు ఎకరానికి అరడజనుకు తగ్గకుండా కట్టండి. రాలిన కాయల్ని చెట్టు కింద వదలకండి. ఏరి, మోకాలి లోతు గొయ్యిలో పూడ్చండి. ఈగ పిల్లలు ఆ కాయల్లోంచే నేలలోకి దిగుతాయి.

తోటను పూత మీదే గుత్తకు ఇచ్చేవాళ్ళకు ఒక మాట. తడులు ఎవరు పెట్టాలి, మందుల ఖర్చు ఎవరిది, గాలివానకు కాయ రాలితే లెక్క ఎలా, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. నోటిమాట మీద ఇచ్చి, ఏప్రిల్ గాలిదుమారం మర్నాడు పంచాయితీ పెట్టుకున్న అనుభవం మా ఇంట్లోనే ఉంది.

ఇంకోటి, మంట. ఈ నెలల్లో ఎవరో గట్టు మీద గడ్డికి నిప్పు పెడతారు, గాలి మన తోట వైపు తిరుగుతుంది. మనం పాదుల్లో పరిచిన ఎండుటాకులే అప్పుడు అగ్గికి మేత. తోట చుట్టూ రెండు నాగటి చాళ్ళ వెడల్పున గడ్డి లేకుండా దున్ని ఉంచండి. అరపూట పని.

కూరగాయల మడి

బెండ గింజలు ఫిబ్రవరి దాటకుండా నేలలో పడాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున నీడలో ఆరబెట్టి, సాలుకూ సాలుకూ 45 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ జానెడులోపు దూరంలో పెట్టండి. వానాకాలం కంటే దగ్గరగా పెట్టాలి, వేసవిలో మొక్క అంతగా కొమ్మలు వేయదు, పైగా ఆకుల నీడ నేలను కాపాడుతుంది. అర్క అనామిక లాంటి రకాలు పల్లాకు తెగులును కొంత తట్టుకుంటాయి. మడి చుట్టూ రెండు వరసల జొన్నో మొక్కజొన్నో ముందుగానే వేస్తే తెల్లదోమకు అడ్డుగోడ అవుతుంది. మడిలో పసుపు రంగు జిగురు అట్టలు కట్టండి. ఒక మొక్క పసుపెక్కిందా, జాలిపడకుండా ఆ రోజే పీకండి. నేను 2024లో ఆ జాలి చూపించబట్టే ఒక మొక్కతో పోయేది మూడు సాళ్ళయింది. అంతా బాగుంటే నెలన్నరకు కోతకొస్తుంది. తర్వాత రోజు విడిచి రోజు కోయండి, ముదరనిస్తే కాపు మందగిస్తుంది.

బీర, సొర, కాకర, దోస, పొట్ల కూడా ఇప్పుడే. తీగ జాతికి ఎండాకాలంలో వచ్చే బాధ మగపూలు. వేడికి మగపూలు విపరీతంగా వచ్చి ఆడపూలు తగ్గుతాయి. మొక్క రెండు నుంచి నాలుగు ఆకులు వేసిన దశలో లీటరు నీటికి 3, 4 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయి. ఆ దశ దాటాక కొట్టి ప్రయోజనం లేదు. మామిడికి చెప్పిన గంధకం వీటికి ఎప్పుడూ వాడకండి, ఆకులు మాడిపోతాయి.

పూస్తున్నాయి కానీ కాయ నిలవడం లేదని చాలామంది అడుగుతారు. తేనెటీగలు రాని చోట మనమే ఆ పని చేయాలి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, పుప్పొడి ఉన్న మధ్య భాగాన్ని ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దండి. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు. వేళ ముఖ్యం. దోస, గుమ్మడి, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, సొర సాయంత్రం, పొట్ల చీకటి పడే వేళ. గడియారాలు లేని రోజుల్లో బీరపూలు విచ్చాయంటే పొయ్యి వెలిగించే పొద్దయిందని ఆడవాళ్ళు లేచేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే నేతిబీర మాత్రం తెల్లవారుజామునే పూస్తుంది. వేళ తెలియక మధ్యాహ్నం బీరపూలు రుద్దుతూ కూర్చుంటే ఏమీ రాదు.

ఆకుకూరల్లో తోటకూర, గోంగూర, బచ్చలి ఎండను తట్టుకుంటాయి. కొత్తిమీర, మెంతికూర, పాలకూర ఇక వేయాలంటే నీడ ఉండాలి, పందిరి కిందో కొబ్బరి చెట్ల మధ్యో. టమాటా నారు ఇప్పుడు కొత్తగా నాటకండి. పూత వచ్చే రోజులకు ఎండ ముదిరి పూలు రాలిపోతాయి.

మిద్దె మీద

మిద్దె తోట వాళ్ళకు కుండీ అడుగు కాలడమే అసలు ఇబ్బంది. స్లాబు మీద నేరుగా పెట్టిన కుండీల కింద ఇటుకలో, చెక్కలో పెట్టి గాలి ఆడనివ్వండి. శీతాకాలపు మొక్కలు తీసేసిన కుండీల్లో మట్టిని బయటికి వంచి, వేర్లు ఏరి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, మూడో వంతు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ళ వేపపిండి, కొంచెం కొబ్బరి పొట్టు కలిపి నింపండి. 50 శాతం షేడ్‌నెట్‌ను పూర్వాభాద్ర నాటికి కట్టేయండి, తూర్పు ఎండ తగిలేలా, పడమటి ఎండ ఆగేలా. నీళ్ళు పొద్దున ఏడులోపు. ట్యాంకు పైపులో మధ్యాహ్నం వచ్చే నీళ్ళు మొక్కలకు వేడినీళ్ళే.

జీవామృతం చేసుకునేవాళ్ళు 20 లీటర్ల బకెట్‌లో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి నీడలో 48 గంటలు ఉంచి, పూటపూటా కలియబెట్టండి. వారంలోపు వాడేయండి. కింది వాటా వాళ్ళకు ముందే చెప్పడం మంచిది.

కోసిన పొలంలో

వరి కోసిన పొలంలో నీటి వసతి కొద్దిగా ఉండి, ఇంకా ఏమీ వేయకుండా ఉంటే ఫిబ్రవరిలో నువ్వులు చల్లడం మేలు. ఎకరానికి రెండున్నర కిలోల విత్తనం చాలు. గింజ చిన్నది కాబట్టి మూడింతల ఇసుక కలిపి వేయండి, లేకపోతే ఒకచోట గుబురు, ఒకచోట బోడి. 15 రోజులకు ఒత్తు మొక్కలు పీకేయాలి. ఇది చేయడానికి అందరికీ బద్ధకమే, కానీ దిగుబడి అక్కడే తేలుతుంది. పూత, కాయ దశల్లో తడి ఇవ్వండి, నీళ్ళు నిలవనివ్వకండి. పూల స్థానంలో ఆకుల కుచ్చులు వస్తే అది వెర్రి తెగులు. ఆకుల రసం పీల్చే దీపపు పురుగులు మోసుకొస్తాయి, కనిపించిన మొక్కను పీకేయడమే మందు. పత్తి మోళ్ళు ఇంకా నిలబడి ఉంటే వెంటనే పీకించి ముక్కలు చేయించండి. గులాబీ రంగు పురుగు ఆ ఎండుకాయల్లోనే వచ్చే పంట కోసం కాచుకుని ఉంటుంది.

పొలం ఖాళీ అయిన వారంలోనే మట్టి నమూనా తీయండి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంతో మట్టి గీకండి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్ప వేసిన చోట వద్దు. అంతా గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేయండి. అర కిలో మిగిలేదాకా అలాగే చేయండి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టండి. ఎరువుల సంచిలో మాత్రం పోయకండి, పరీక్షలో మీ నేల కాదు ఆ యూరియానే కనిపిస్తుంది. సాయిల్ హెల్త్ కార్డు పథకం 2015 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. ఊళ్ళో రైతు సేవా కేంద్రంలోనో, తెలంగాణలో అయితే వ్యవసాయ విస్తరణ అధికారికో సంచి, సర్వే నంబరు, నిరుడు వేసిన పంట వివరాలు ఇవ్వండి. మామిడి లాంటి తోట పెట్టబోయేవాళ్ళకు 15 సెంటీమీటర్ల మట్టి చాలదు. ఆరు అడుగుల గొయ్యి తవ్వించి అడుగడుక్కీ వేరే సంచిలో తీయాలి. కింద సున్నపు పొర ఉంటే అప్పుడే తెలుస్తుంది.

ఉగాది పచ్చడికి వేపపువ్వు దులపడానికి వెళతారు కదా, ఆ పొద్దున బోరు దగ్గర డ్రమ్ము మళ్ళీ పెట్టి టైం చూడండి. ఫిబ్రవరిలో రాసుకున్నదానికి నిమిషం పెరిగి ఉంటే ఏ మడిని వదిలేయాలో ఆ రోజే తేల్చుకోండి. మేం నిరుడు తోటకూర మడికి నీళ్ళు ఆపేసి, ఉన్నది మేకలకు కోసి వేసి, బెండను మే పదో తేదీ దాకా లాక్కొచ్చాం.